ఒళ్ళు మరిచిన కోపానికి ఇంగ్లీషు మాట

అమ్మలూ,

నిన్న ఫోన్ చేసినప్పుడు వడపళనిలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. "నాన్న ఒళ్ళు మరిచిపోయాడు" అన్న డైలాగు కింద నువ్వు ఇంగ్లీషు సబ్‌టైటిల్‌గా "హీ లాస్ట్ కంట్రోల్" అని పెట్టావు. తప్పు కాదు. కానీ చదవగానే కారు డివైడర్ ఎక్కిన వార్తలా ఉంది. ఆ డైలాగు చెప్పే కూతురే ఇంగ్లీషులో మాట్లాడితే "హీ లాస్ట్ ఇట్" అంటుంది. అంతే. కోపం పట్టలేకపోయినా, ఏడుపు ఆగకపోయినా, నవ్వు ఆపుకోలేకపోయినా ఆ మాట సరిపోతుంది. వరుసకి 40 అక్షరాలు దాటకుండా రాసే మనకి అది వరం.

అలాగని ప్రతిచోటా అదే అతికించెయ్యకు. ఇంగ్లీషు వెతికే ముందు తెలుగులోనే చూసుకో, ఆ మనిషికి అసలేం జరిగిందో. శివాలెత్తాడా, బెంబేలెత్తిపోయాడా, ఓపిక నశించిందా? మన దగ్గరే ఇవి మూడు వేరు వేరు మాటలు.

నీ సినిమాలో వంటింటి సీను రెండుసార్లు చూశాను. అత్తగారు మూడోసారి అదే మాట అంటుంది. కోడలు జవాబివ్వదు. స్టవ్ ఆపుతుంది, కొంగుతో చెయ్యి తుడుచుకుంటుంది, అప్పుడు పాలగిన్నె ఎత్తి సింకులో కుమ్మరిస్తుంది. అది శివాలెత్తడం కాదమ్మా, ఏళ్ళ తరబడి పట్టిన ఓపిక తెగడం. అక్కడ "షీ స్నాప్డ్" అను. ఎండుపుల్ల విరిగిన చప్పుడు ఆ మాటలోనే ఉంది.

మామయ్య పాత్ర అలా కాదు. కాఫీ ఆలస్యమైతే చాలు, చిర్రెత్తుకొస్తుంది. అతనికి "ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్" బాగుంటుంది. అమెరికాలో పుట్టిన మాట, గొడ్డలి దెబ్బ వేస్తుండగా ఇనుము పిడి వదిలి ఎగిరిపోవడం. పెళ్ళి ఏర్పాట్లు చెయ్యి దాటిపోయినచోట "హేవైర్" వాడు. గడ్డిమోపులు కట్టే తీగ పేరు అది. మనుషులకంటే పనులకీ మెషీన్లకీ ఎక్కువ అతుకుతుంది. "లూజ్ ద ప్లాట్" మాత్రం బ్రిటిష్ వాళ్ళ మాట, మతి తప్పినట్టు ప్రవర్తించడం. లండన్ నుంచి వచ్చిన బావ నోట పెట్టు, బాగుంటుంది.

మాటకి వయసు కూడా ఉంటుంది. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. 1940ల కథ ఒకటి చేశాను. శవం దగ్గర బెదిరిపోయిన ముసలమ్మ మాటకి "ఫ్రీక్ అవుట్" అని పెట్టాను. అర్థం సరిపోయింది, కానీ ఆ వాడుక 1960లలో కుర్రకారు నోట వ్యాపించింది. ప్రివ్యూలో చావు సీనులో నవ్వులు వినిపించాయి. ఆ సీను కోసం ఏడ్చి ఏడ్చి నటించిన ఆవిడ నా ముందు వరుసలోనే కూర్చుని ఉంది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకొకటి, కోపంతో పిచ్చెత్తి విరుచుకుపడడానికి "గో పోస్టల్" అన్న మాట ఎక్కడైనా కనబడితే సరదాగా ఉందని వాడకు. అమెరికాలో పోస్టాఫీసు ఉద్యోగులు జరిపిన కాల్పుల నుంచి వచ్చిన మాట అది. 1986లో ఓక్లహోమాలోని ఎడ్మండ్‌లో ఒక ఉద్యోగి 14 మందిని చంపేశాడు. అలాంటి మాట మామయ్య కాఫీ కోపం కింద పెట్టడం నాకు మనసొప్పదు.

ఏ మాట పెట్టినా, సీను నడుస్తుండగా పైకి చదివి చూడు. నటుడి గొంతు ఎత్తులో నీ గొంతు కూడా లేస్తే అది కుదిరినట్టే.

క్లైమాక్సులో అమ్మవారి ముందు పూనకం సీను మటుకు ముట్టుకోకు. అది కోపమూ కాదు, కంగారూ కాదు, పైన రాసినవేవీ దాని దగ్గరికి రావు. ఆదివారం లాప్‌టాప్ తీసుకుని రా, పప్పుచారు పెడతాను, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పిన్ని
చెన్నై