పడిన నెల తర్వాత తలలో రక్తమా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ఐదు వారాల కిందట బాత్రూంలో జారితే తల తలుపుకు తగిలింది. బొప్పి కూడా కట్టలేదని ఎవరికీ చూపించలేదు. పది రోజులుగా మందకొడిగా ఉంటున్నారు. నడుస్తుంటే ఎడమకాలి చెప్పు జారిపోతోంది, అది కూడా చూసుకోవడం లేదు. స్కాన్ తీసి, మెదడు మీద రక్తం చేరింది, పుర్రెకు రంధ్రం పెట్టి తీయాలన్నారు. బంధువులేమో ఈ వయసులో తల తెరవొద్దు, మందులతో కరిగించమంటున్నారు. ఆ రోజే స్కాన్ తీయించకపోవడం మా తప్పేనా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ఆ చెప్పు సంగతి రాసి మంచి పని చేశారు. పాదంలో బలం కొద్దిగా తగ్గితే ముందు బయటపడేది అక్కడే. ఎడమకాలు కాబట్టి రక్తం కుడివైపు పేరుకుని ఉంటుంది. కాలు బలహీనపడి, మనిషి మందగించాక ఆపరేషన్ వాయిదా వేయడం మంచిది కాదు.

తలలో రక్తం అనగానే మనవాళ్లు ‘నరం చిట్లింది’ అంటారు. బీపీ ఎక్కువై మెదడు లోపలి రక్తనాళం చిట్లితే నిమిషాల్లో చెయ్యీ కాలూ పడిపోతాయి. నాన్నగారిది అది కాదు. వయసు పెరిగేకొద్దీ మెదడు కాస్త చిక్కుతుంది. దాన్నీ పైపొరనూ కలిపే సన్నని సిరలు సాగి బిగుసుకుని ఉంటాయి. చిన్న దెబ్బకే ఒకటి తెగి రక్తం ఊరుతుంది. దాని చుట్టూ శరీరమే ఒక పొర అల్లుతుంది. ఆ పొరలో పుట్టే కొత్త రక్తనాళాలు మరీ నాజూకువి, అవి మళ్లీ మళ్లీ కారుతుంటాయి. అందుకే ఇది వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది. ఆ రోజే స్కాన్ తీసి ఉంటే ఏమీ కనబడకపోయే అవకాశమూ ఉంది. ఆ బాధ మనసులోంచి తీసేయండి.

మా అమ్మమ్మ ఒకసారి వంటింటి ద్వారబంధానికి తల కొట్టుకుంది. రెండు నెలలకు, వత్తులు చేస్తుంటే చేతిలోంచి పత్తి జారిపోయేది. పెద్దతనం అనుకున్నాం. నేను అప్పటికి మెడిసిన్ చదువుతున్నాను, నాకూ తట్టలేదు. మంచం పట్టాక స్కాన్ తీస్తే తలకు రెండు వైపులా రక్తం. ఆపరేషన్ అయిన మూడో రోజు పత్తి తెమ్మంది. పెద్దవాళ్లు ఉన్నట్టుండి మందగిస్తే ‘వయసు’ అని సరిపెట్టుకోవడం నాకిప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఈ ఆపరేషన్‌లో తల తెరవరు. రూపాయి బిళ్ల కంటే చిన్న రంధ్రం ఒకటో రెండో వేస్తారు. చాలామందికి ఆ చోట మత్తు ఇచ్చి కూడా చేయవచ్చు. పాత ఇంజిన్ ఆయిల్‌లా నల్లటి ద్రవం బయటికి వస్తుంది. సెలైన్‌తో కడిగి, సన్నని గొట్టం పెట్టి రెండు రోజులు ఉంచుతారు. గొట్టం ఎందుకని అడ్డుచెప్పకండి. కేంబ్రిడ్జి వైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, గొట్టం పెట్టనివారిలో 100కి 24 మందికి రక్తం మళ్లీ చేరి తిరిగి తీయాల్సివస్తే, పెట్టినవారిలో 9 మందికే ఆ అవసరం పడింది.

ఇక మందులతో కరిగించడం. చేరిన రక్తం పలచని పొరగానే ఉండి ఏ ఇబ్బందీ లేనివారిని స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉంటాం. నాన్నగారు ఆ దశ దాటారు. స్టెరాయిడ్ల మీద చాలాకాలం ఆశ ఉండేది. 2020లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో అవి వాడినవారు ఆరు నెలలకు వాడనివారంత బాగా కోలుకోలేదు.

పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. స్టెంట్ ఎప్పుడు వేశారో, ఏ మాత్రలో చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఏది ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరూ, సర్జనూ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఈలోగా పిలిచినా లేవకుండా నిద్రపోతున్నా, వాంతులైనా, ఫిట్స్ వచ్చినా ఆపరేషన్ తేదీ కోసం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆయన ఇంటికి వచ్చేలోపు బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. ఆ చెప్పులు తీసేసి, వెనక పట్టీ ఉన్నవి కొనండి.