సరదా కబడ్డీకి రిఫరీగా నిలబడేవారు ఏమేం చూసుకోవాలి?

ఒంగోలు పక్క ఊళ్ళో ఆదివారం సాయంత్రాలు రైతులు, ఉద్యోగస్తులు కలిసి కబడ్డీ ఆడుతున్నారనీ, చాలామంది ముప్పై దాటినవారేననీ, రిఫరీగా మిమ్మల్ని నిలబెట్టారనీ రాశారు. దెబ్బలు తగలకుండా, స్నేహాలు చెడకుండా ఆట నడపడం ఎలా అని అడిగారు. టంగుటూరు, సింగరాయకొండ వైపు సంక్రాంతి పోటీలకు చాలా ఏళ్ళుగా అంపైరుగా వెళ్తున్నవాణ్ణి కనుక నాకు తెలిసినది చెబుతాను.

ఇలాంటి ఆటల్లో పెద్ద దెబ్బలు పట్టు పట్టేటప్పటికన్నా పట్టు తేలిపోయిన తరవాతి రెండు మూడు క్షణాల్లోనే ఎక్కువగా తగలడం నేను చూశాను. రైడరు, అంటే కూతకు వెళ్ళినవాడు, కింద పడి, కదలలేక, కూత కూడా ఆగిపోయినా, అతని వేళ్ళు మధ్యగీతను తాకాయో లేదో తేల్చుకుందామని రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని వంగి చూస్తుంటాడు. ఈల వినపడలేదు కాబట్టి ఈలోగా మరో ఇద్దరు వచ్చి మీద పడతారు. మోకాలు మెలితిరిగేదీ, భుజం జారేదీ అప్పుడే. అందువల్ల రైడరు ఇక కదలలేడని మీకు అనిపించగానే ఈల వేస్తాననీ, ఈల పడగానే అందరూ చేతులు వదిలెయ్యాలనీ, పాయింటు గురించిన తగవు తరవాతేననీ ఆటకు ముందే రెండు జట్లకూ చెప్పండి. ఒక పాయింటు అటూ ఇటూ అయినంత మాత్రాన ఆదివారం ఆటలో కొంపలేమీ మునగవు.

రైడరు గొంతు నొక్కడం, నోరు మూయడం, జుట్టో బట్టలో పట్టి లాగడం, కాళ్ళతో కత్తెర వేసి బిగించడం నిబంధనల ప్రకారమే తప్పులు. పచ్చకార్డు హెచ్చరిక, పసుపుకార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయట, ఎర్రకార్డు అయితే ఆ ఆటకు ఇక సెలవు. ఊరి ఆటలో ఇబ్బంది ఏమిటంటే, తప్పు చేసినవాడు మనకు బావో బాబాయో అవుతాడు, "పోనీలే" అనాలనిపిస్తుంది. మొదటి అయిదు నిమిషాల్లో ఆ మాట అన్నారా, అరగంట తరవాత మీ ఈలను ఎవరూ లెక్కచేయరు. గోళ్ళు, ఉంగరాలు, కడియాలు బరిలోకి దిగకముందే చూసుకోవాలి. ఒంటికి నూనె రాసుకుని వచ్చినవారిని తుడుచుకుని రమ్మనాలి.

పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుందని అందరికీ తెలుసు, కానీ దాని చుట్టూ ఎంత ఖాళీ ఉంచాలన్నది మన ఊళ్ళలో పట్టించుకునేవారు తక్కువ. గీత మీదే కుర్చీలు, మైకు స్టాండు, ఆ వెనకే ట్రాక్టరు. డాష్, అంటే రైడరును ఒంటితో గుద్ది గీత బయటికి నెట్టడం, కొట్టవద్దని నేను అనను; కొట్టాక మనిషి ఎక్కడ పడతాడో చూడమంటాను. నాలుగు వైపులా పది అడుగులు ఖాళీ చేయించేదాకా నేను ఆట మొదలుపెట్టను.

ఒకసారి ఇలాగే డాష్ తిన్న ఒకాయన స్కోరు రాసేవారి బల్లకు తల తగిలి పడ్డాడు. వెంటనే లేచి, దుమ్ము దులుపుకుని, "మనది ఏ పక్క?" అని అడిగితే జనం నవ్వారు. నేను అతన్ని బయట కూర్చోబెట్టాను. బతిమాలాడు, వాళ్ళ జట్టువాళ్ళు నాతో పోట్లాడారు కూడా. ఆ రాత్రి వాంతులు మొదలయ్యాక ఒంగోలు తీసుకెళ్ళి స్కానింగ్ చేయించారు, అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. స్పృహ తప్పకపోయినా మెదడు అదిరి ఉండవచ్చు కనుక, తలకు దెబ్బ తగిలి తికమకగా మాట్లాడినా, తూలినా, తలనొప్పి అన్నా ఆ రోజుకు ఆ మనిషిని మళ్ళీ బరిలోకి రానివ్వకూడదు. వాంతులు మళ్ళీమళ్ళీ అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మగతగా ఉన్నా 108కి ఫోను చేయాలి. మెడ నొప్పి అంటే మాత్రం నలుగురూ కలిసి ఎత్తి కూర్చోబెట్టవద్దు, అంబులెన్సు వచ్చేదాకా కదపకుండా ఉంచండి.

మ్యాట్ అవసరమా అని కూడా అడిగారు. మీ ఆటకు అక్కరలేదు. నల్లరేగడి ఎండితే రాయిలా గట్టిపడుతుంది కాబట్టి పైపైన తవ్వి, గడ్డలూ గాజుపెంకులూ ఏరి, ముందురోజు నీళ్ళు చల్లితే చాలు. వాగు ఇసుక మందంగా పరిస్తే పాదం కూరుకుపోయి మడమ మెలిపడుతుంది. గీతలు సున్నంతో గీయకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం. మామూలు రాతి ముగ్గుపిండి సరిపోతుంది.