పుల్స్‌తో బిడ్డ కాలం వృథా కావట్లేదు

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మాది దేవరకొండ. వెయిట్‌లిఫ్టింగ్‌లో క్లీన్ (బార్‌ను నేల నుంచి భుజాల మీదికి ఎత్తుడు) 60 కిలోలు ఎత్తింది. మూడు నెలల సంది కోచ్ సార్ ఒక క్లీన్ పుల్ (భుజాల మీదికి పట్టకుండా బార్‌ను పైకి లాగుడే), వెంటనే మోకాలి కింది నుంచి ఒక హ్యాంగ్ క్లీన్ (బార్ నేలకు ఆనకుండా వేలాడుతుండంగనే క్లీన్) చేయిస్తున్నరు. 48 కిలోలు దాటనిస్తలేరు. పెంచుమని నేనే చెప్తున్న. అదే ఈడు పిల్ల 80 కిలోలు లాగే వీడియో చూసినం. ఇది ఆపి రెండు నెలల ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్ చేయించాల్నా, బీపీఈడీకి (వ్యాయామ టీచర్ల కోర్సు) పంపాల్నా?

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించి. మీ గుబులు మాత్రం కదలని ఆ 48 మీద. ముందు దాని సంగతి చూద్దాం. మీ అమ్మాయి వెనకబడలేదు.

ఉత్త పుల్ అయితే క్లీన్ బరువులో 90 నుంచి 100 శాతం, అంటే 54 నుంచి 60 కిలోలు లాగించవచ్చు. పుల్ వెంటే క్లీన్ ఉన్నప్పుడు బరువును క్లీన్ నిర్ణయిస్తుంది. అది 75, 80 శాతం. లెక్క వేయండి, 45 నుంచి 48 వస్తుంది. పుల్‌లో కాళ్లకు అలవడిన తీరు చెదిరిపోకముందే క్లీన్ చేయించడమే ఈ జంట ఉద్దేశం. బరువు మించితే పిరుదులు ముందు లేస్తాయి, మోచేతులు తొందరపడి ముడుచుకుంటాయి, బార్ తొడను వదిలి ముందుకు ఊగుతుంది. అదే తప్పు క్లీన్‌కూ అంటుకుంటుంది.

ఆ 80 కిలోల వీడియోను రోజూ పిల్ల ముందు పెట్టకండి. అది పుల్ మాత్రమే. పుల్‌కు స్ట్రాప్స్ (చేతిని బార్‌కు బిగించే పట్టీలు) కట్టుకుని ఎక్కువ లాగొచ్చు, క్లీన్‌కు కడితే మణికట్టుకే ప్రమాదం. 2000 సిడ్నీలో కరణం మల్లీశ్వరికి కాంస్యం తెచ్చింది స్నాచ్‌లో (నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి) 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి తల మీదికి) 130 కిలోలు. పోటీలో పుల్‌ను ఎవరూ లెక్కపెట్టరు.

మీకు చూడాలనే ఉంటే ఇది చూడండి. కాలి బొటనవేళ్ల ముందు నేల మీద సుద్దముక్కతో గీత గీయించండి. క్లీన్ పట్టినప్పుడు పాదాలు గీత దాటి పడితే బార్ ఒంటికి దూరంగా పోయినట్టే. నాలుగైదు సెట్లూ గీత దాటకుండా దిగిందంటే పెంచే సమయం వచ్చినట్టు. పెంచాల్సింది కోచ్. పక్కన నిలబడి బరువు ఎక్కించమనడం మీరు మానాలి, గట్టిగానే చెబుతున్నాను. నడుము పట్టేస్తే మంచాన పడేది మీ బిడ్డ.

ఇప్పుడందరూ ఎగబడుతున్న ట్రైనర్ సర్టిఫికెట్ మీద నాకు నమ్మకం తక్కువ. జిమ్‌లో రద్దీ పొద్దున, సాయంత్రం. లిఫ్టర్ సాధన వేళలూ అవే. పద్దెనిమిదేళ్లకే అక్కడ చేరితే సొంత ప్రాక్టీసు పోతుంది. స్పోర్ట్స్ కోటాలో ఆ కాగితం పనికిరాదు, పోటీల్లో పాల్గొన్న సర్టిఫికెట్లే చూస్తారు. బీపీఈడీకైనా, పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా శిక్షణ సంస్థ) కోచింగ్ డిప్లొమాకైనా ముందు డిగ్రీ కావాలి. కాబట్టి ఇప్పుడే తేల్చుకోవాల్సిందేమీ లేదు. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ పరిధిలో డిగ్రీలో చేర్చండి. యూనివర్సిటీ జట్టుకు ఎంపికై అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఎత్తితే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది.

పరీక్షల నెలలో మొత్తం ఆపేయించకండి. వారానికి మూడు రోజులు, 42 కిలోలతో మూడు సెట్లు చాలు. పొద్దున వంగి బిందె ఎత్తేటప్పుడు నడుము పట్టేసినట్టుందని అంటే ఆ రోజే కోచ్‌కు చెప్పండి.