ఉప్పుగాలిలో కొత్త కెమెరా

నెల్లూరు.

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు మిర్రర్‌లెస్ కెమెరా కొనబోతున్నావనీ, ఈ చలికాలం సెలవులన్నీ నేలపట్టు పక్షుల కేంద్రంలోనూ పులికాట్ సరస్సు ఒడ్డునా గడపాలనుకుంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. ట్రంకురోడ్డులో మన స్టూడియో మూసేసిన తరువాత మన ఇంట్లో ఎవరూ కెమెరా చేత పట్టలేదు కనుక నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ఇన్నేళ్ల జీతంలో దాచుకున్నదంతా ఒకేసారి ఖర్చు పెడుతున్నావని విన్నప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఫోనులో అయితే నువ్వు "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. జీఎస్టీ బిల్లూ, మన దేశంలో చెల్లే వారంటీ కార్డూ లేని సరుకును ఎంత చవకగా ఇస్తామన్నా ముట్టుకోకు. రెండు మెమరీ కార్డులు పట్టే బాడీనే, అంటే లెన్సు లేని ఉత్త కెమెరానే తీసుకుని, తీసిన ప్రతి ఫోటో రెండింటిలోనూ పడేలా పెట్టుకో. బ్యాటరీలు అదనంగా ఉంచుకో, ఎందుకంటే అద్దం లేని కెమెరాలో వ్యూఫైండరు కూడా చిన్న తెరే కాబట్టి, నువ్వు ఫోటో తీయకుండా పక్షి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నా ఛార్జింగు తరుగుతూనే ఉంటుంది.

మీ నాన్న చదివి వినిపించిన జాబితాలో నికాన్ జెడ్8 బాడీ ఉంది, దానితోపాటు కెమెరాతో కలిపి అమ్మే ఒక మామూలు కిట్ లెన్సు ఉంది. ఇది నాకు నచ్చలేదు. బాడీ ఏ నాలుగైదేళ్లకో పాతబడుతుంది, మంచి లెన్సు మాత్రం బాడీలు మారినా నీతోనే ఉంటుంది. జెడ్8 గొప్ప కెమెరాయే, కాదనను. కానీ నేలపట్టులో చెరువు కట్ట మీద నిలబడి, నీళ్లకు అవతల చెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతులను కిట్ లెన్సుతో తీస్తే ఫోటోలో తెల్లటి చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. అదే డబ్బులో నికాన్‌లోనే చవకైన జెడ్5 టూ బాడీ తీసుకుని, మిగిలినదానితో దూరంవాటిని దగ్గరగా చూపే 180-600 టెలి లెన్సు కొనడం మేలు. ఆ లెన్సు జూమ్ చేసినప్పుడు ముందుకు సాగదు, అంతా లోపలే తిరుగుతుంది. బయటికి సాగే లెన్సు సాగినప్పుడల్లా గాలినీ, దాంతోపాటు దుమ్మునీ లోపలికి లాక్కుంటుంది. బరువు మాత్రం రెండు కిలోలు దాటుతుంది, కాబట్టి భుజానికి వేసుకునే పట్టీ లెన్సు చుట్టూ పట్టీలా ఉండే కాలరుకు తగిలించుకోవాలే గాని బాడీకి తగిలించకూడదు. జెడ్5 టూలో శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టరు వాడితే ఎగిరే పక్షి రెక్కలు వంకరగా పడతాయి, ఎందుకంటే ఫిల్ము స్థానంలో ఉండే సెన్సారు ఫోటోను పైనుంచి కిందికి వరుసవరుసగా చదువుకుంటుంది, ఆ లోపల రెక్క కదిలిపోతుంది. ఎగిరేవాటికి మెకానికల్ షట్టరే వాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. 1959 నుంచి వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటులో (మౌంటంటే కెమెరాకు లెన్సు తగిలించే అమరిక) లెన్సు కూర్చునే అంచుకూ ఫిల్ముకూ మధ్య 46.5 మిల్లీమీటర్ల దూరం ఉండేది. ఆ దూరంలో అద్దం ఉండేది, దాని వెనక షట్టరు తెర ఉండేది. 2018లో వచ్చిన జెడ్ మౌంటులో అద్దం పోయి ఆ దూరం 16 మిల్లీమీటర్లయింది. లెన్సు తీయగానే సెన్సారు వాకిట్లోనే కనిపిస్తుంది. కొన్ని కెమెరాలు ఆపగానే షట్టరు తెరనో ప్రత్యేకమైన కవచాన్నో దానికి అడ్డంగా దించుతాయి. నువ్వు కొనేది ఆ పని చేస్తుందో లేదో దుకాణంలోనే చూపించమని అడుగు. చేసినా చేయకపోయినా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద, రెండు పక్కలా సరస్సు ఉన్నచోట, గాలిలో లెన్సు మార్చనని నాకు మాట ఇవ్వాలి. ఆ గాలిలో ఉండేది ఉత్త దుమ్ము కాదు, ఉప్పు. ఏ లెన్సు కావాలో ఇంట్లోనే నిర్ణయించుకుని, తగిలించుకుని బయలుదేరు.

మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు గాని, వాడు కూడా పులికాట్‌లో రాజహంసలను తీసినవాడే. ఫిల్ము రోజుల్లో, స్టూడియోలో నాతో పనిచేస్తూ, పెళ్లిళ్లలో వచ్చిన తన వాటా కూడబెట్టి మద్రాసు వెళ్లి 80-200 టెలి లెన్సు ఒకటి కొనుక్కొచ్చాడు. ఆ లెన్సును వాడు చూసుకున్నంత జాగ్రత్తగా ఎవరూ ఏ వస్తువునూ చూసుకోగా నేను చూడలేదు. ఒక కార్తీక మాసంలో పులికాట్ నుంచి తిరిగి వస్తుంటే సన్నటి తుంపర పడింది. ఇంటికి రాగానే మెత్తటి గుడ్డతో పైనంతా తుడిచాడు, తోలు సంచిలో పెట్టాడు, ఆ సంచిని మీ నాయనమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య దాచి తాళం వేశాడు. మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవే కదా, ఆ ఏడు ముసురు వదలలేదు. స్టూడియో పనికి పాత లెన్సులు చాలునని, మాఘమాసం పెళ్లిళ్ల దాకా దాన్ని బయటికి తీయనే లేదు.

మాఘంలో తీసిన మొదటి పెళ్లి ప్రింట్లు వచ్చాయి. పెళ్లికూతురి ముఖం మీద పలచటి పాలపొర ఉంది, మధుపర్కాల తెలుపు చుట్టూ పరుచుకుపోయింది. వాడు ల్యాబు వాళ్లు కడగడంలో చెడగొట్టారని వాళ్లతో గొడవపడి వచ్చాడు. అప్పుడు నేను లెన్సు తీసి, వెలుతురును లోపలికి వదిలే డయాఫ్రమ్ పూర్తిగా తెరిచి, వెనకవైపు టార్చి పట్టి ముందునుంచి చూశాను. లోపలి గాజు మీద అంచునుంచి నడిమికి సాలీడు గూడు పోగుల్లాంటి సన్నటి దారాలు అల్లుకుని ఉన్నాయి. బూజు! మద్రాసులో విప్పించి శుభ్రం చేయించాం. దారాలు పోయాయి గాని, ఆ బూజు వదిలే ఆమ్లం గాజు పైపూతను తినేసిన చోట మచ్చలు మిగిలిపోయాయి. వెలుతురుకు ఎదురుగా పెట్టి తీసిన ఏ ఫోటోలోనూ తరువాత నలుపు నలుపుగా రాలేదు. వాడు దాన్ని వచ్చినంతకు అమ్మేసి, రైసుమిల్లు లెక్కల ఉద్యోగంలో చేరిపోయాడు. నీ కెమెరా మాట వినగానే ముఖం చిట్లించాడంటే కారణం అదే. వాడి మీద కోపం తెచ్చుకోకు తల్లీ.

వాడు చేసిన పొరపాటు అజాగ్రత్త కాదు, అతిజాగ్రత్త. చీకటి, కదలని గాలి, తేమ పీల్చుకునే తోలు, గుడ్డలు: బూజుకు కావలసినవన్నీ దాచిపెట్టిన చోటే అమిరాయి. వారం వారం బయటికి తీసి వాడే లెన్సుకు ఈ రోగం అరుదు. నువ్వు అలమరలో పెట్టి దండం పెట్టుకోవడానికి కొనవద్దు. స్తోమత ఉంటే తేమను అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ తీసుకో. లేదంటే మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు పెట్టుకో. తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలబడాలి. మరీ ఎండిపోవడమూ మంచిది కాదు, లోపలి జిడ్డూ రబ్బరూ పాడవుతాయి. నీలం రంగు సిలికా గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండిందని అర్థం. దాన్ని వంటింటి మూకుడులో మాత్రం వేయించకు, ఆ నీలం రంగు కోబాల్టు ఉప్పుది, ఒంట్లోకి పోకూడదు. సంచీలో లెన్సు ఎప్పుడూ నిలవ పెట్టకు. వానలో తడిస్తే ఆ రాత్రే సంచీ, పట్టీ, మూతలూ విడివిడిగా ఫ్యాను కింద ఆరబెట్టు.

ఏసీ గదిలో పడుకుని తెల్లవారుజామున బయటికి వస్తే చల్లటి గాజు మీద నీరు పడుతుంది, లోపల కూడా పడవచ్చు. బయటి వేడికి వచ్చేదాకా కెమెరాను జిప్పు కవరులోనే ఉంచు, అరగంట పోతే పోయిందనుకో. పులికాట్‌లో ఎండ ముదిరాక నేలమీది గాలి వేడెక్కి అల్లాడుతుంది, ఆ అల్లాట గుండా ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా పక్షి అంచులు కరిగిపోతాయి. నువ్వు ఫోకసు తప్పిందని లెన్సును తిట్టుకోవద్దు, పొద్దున్నే తీసి ముగించు. ఎండినట్టు కనిపించే అడుసు మీదికి ఒక్కదానివే దిగకు, పైన పెళుసుగా ఉండి కింద మోకాలి లోతు ఉంటుంది. నాకు నీ కెమెరాకన్నా నీ కాళ్ల మీదే ఎక్కువ భయం. నేలపట్టులో గూళ్ల దగ్గరికి పోకు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ మిగులుతాయి, అలా వచ్చిన ఫోటో నాకు చూపించకు.

నా దగ్గర పాత నికాన్ లెన్సులు కొన్ని ఉన్నాయి, అవి నీకే. పాత ఎఫ్ మౌంటు లెన్సులను జెడ్ కెమెరాకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టరు మీద కూర్చుంటాయి గాని, ఆ అడాప్టరులో మోటారు లేదు కాబట్టి, బయటి మోటారు మీద ఆధారపడే నా డీ రకం లెన్సులకు ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాలి. ఫోకస్ కుదిరిన అంచులకు తెరమీద రంగు చూపించే సదుపాయం ఉంది, దాన్ని అలవాటు చేసుకుంటే 50 ఎంఎంతో మనుషుల ఫోటోలు చాలా బాగా వస్తాయి. డబ్బు కట్టే ముందు ఒక శనివారం ఒంగోలులో పినాకిని రైలు ఎక్కి వచ్చెయ్యి. రాత్రి ఇక్కడే పడుకుందువు, నా గదిలో ఏసీ లేదు. ఆదివారం తెల్లవారకముందే కారు మాట్లాడుకుని సూళ్లూరుపేట పోదాం. మీ నాన్నను కూడా రమ్మన్నానని చెప్పు, రానంటే నాకు ఫోను కలిపి ఇవ్వు.

ఇట్లు,
పెదనాన్న