మంచుని మీరే తుడిచేస్తున్నారు!

ప్రశ్న: మాది రాజోలు దగ్గర గోదావరి గట్టు మీద ఊరండీ. ధనుర్మాసంలో తెల్లారగట్ట రేవు నిండా మంచు పట్టి, అవతలి లంక కనపడక, నాటు పడవ ఒక్కటే గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. నా 12 వేల ఫోన్‌తో తీస్తే బూడిద రంగులో నీరసంగా వస్తోంది, స్నాప్‌సీడ్ అనే ఫొటోలు దిద్దే యాప్‌లో పెట్టి బాగుచేస్తే పెళ్లి ఫ్లెక్సీలా తయారవుతోంది. మంచి కెమెరా కొనేదాకా ఆగాలా?
- ఒక పాఠకుడు

జవాబు: అక్కర్లేదండీ. ఆ కొత్త కెమెరా కూడా ఆటో మోడ్‌లో పెడితే ఇదే పని చేస్తుంది. ఎదురుగా ఉన్నది మంచో, మసిగుడ్డో దానికి తెలీదు కదా, దేన్ని చూసినా మధ్యరకం వెలుగుకి తేవాలని చూస్తుంది, అందుకే తెల్లగా ఉండాల్సిన మంచు మసకబారిపోతుంది. పడవ మీద నొక్కండి, చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని మెల్లగా పైకీ కిందకీ జరుపుతూ, మంచు పాల తెలుపుకి వచ్చి నీళ్లెక్కడో గాలెక్కడో ఇంకా పోల్చుకోగలిగేలా ఉన్నప్పుడు ఆపేయండి. పొద్దెక్కి సూర్యుడికి ఎదురుగా తీస్తుంటే మాత్రం కిందకే లాగాలి, పడవవాడు నల్లటి బొమ్మైపోయినా పర్లేదు, ఆకాశంలో ఎరుపు మిగులుతుంది.

అన్నిటికంటే ముందు లెన్స్ తుడవండి! అంతర్వేదిలో ఉప్పుగాలి పట్టిన ఫోన్‌తో గంటసేపు తీసి, ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ సబ్బునీళ్లలో ముంచి తీసినట్టున్నాయి, ఆ తిక్క నాకింకా తగ్గలేదు.

ఇక ఫ్లెక్సీ సంగతి. మీరు ఆ యాప్‌లో హెచ్‌డీఆర్ స్కేప్ అనే ఫిల్టరో, గీతల్ని గట్టిగా చూపించే స్ట్రక్చరో గట్టిగా లాగుతున్నారని నా అనుమానం. మంచులో అందం అంతా వెలుగునీడల తేడా తగ్గిపోవడంలోనే ఉంది, ఆ రెండూ సరిగ్గా ఆ తేడానే పెంచుతాయి, అంటే చలిలో లేచెళ్లి తీసుకొచ్చిన మంచుని మంచం మీద కూర్చుని మీరే తుడిచేస్తున్నారన్నమాట. వాటి జోలికెళ్లకండి. యాంబియన్స్ కాస్త ఎడమకి జరిపి, సెలెక్టివ్‌లో పడవ మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి పడవంతకి కుదించి, ఆ పడవకి మాత్రం కాంట్రాస్ట్, అంటే ఆ వెలుగునీడల తేడా, కొంచెం పెంచండి. నీలిరంగు ఎక్కువైందని వెచ్చగా మార్చకండి, చలి అందులోనే ఉంది. క్రాప్ చేసేటప్పుడు పడవని ఓ మూలకి తోసి మిగతాదంతా ఖాళీగా వదిలేయండి. ఖాళీగా ఉందేంటని ఇంట్లోవాళ్లు అడుగుతారు, అడగనివ్వండి.

ప్రశ్న: మా బావగారి పాత 8 మెగాపిక్సెల్ డిజిటల్ కెమెరా బీరువాలో దొరికింది. దాంతో తీసినవి ప్రింట్ వేయించి గోడకి పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: భేషుగ్గా. ఇంచికి 300 చుక్కల లెక్కన చూసినా సుమారు 11 ఇంచుల వెడల్పు, 8 ఇంచుల ఎత్తు ప్రింట్ వస్తుంది, గోడకి చాలు. డిజిటల్ జూమ్ మాత్రం వాడకండి, అది దగ్గరికి తేదు, ముక్క కోసి పెద్దది చేస్తుందంతే, నాలుగడుగులు ముందుకెళ్లడమే నయం. ముందు దాని బ్యాటరీ ఛార్జ్ ఎక్కుతుందేమో చూడండి.