తాతగారి లక్క పాలిష్

ప్రశ్న: మా తాతగారు విజయనగరంలో మొదలుపెట్టిన రంగులు, పాలిష్ పనిని మూడో తరంలో నేను నడుపుతున్నాను. ఆయన లక్క పాలిష్ చేసిన టేకు తలుపులకు ఇప్పుడు పి.యు. (పాలీయురేథేన్ అనే గట్టి వార్నిష్) పూత వేయవచ్చా?

జవాబు: తొందరపడకండి. ఆ తరం వారు లక్క రేకులను స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని మెత్తని నూలుగుడ్డలో చుట్టి, పలుచని పొరలుగా ఎన్నోసార్లు రుద్దేవారు. ఆ పూతకు లోతైన మెరుపు వస్తుంది గానీ నీరు, వేడి తగిలితే తెల్లమచ్చలు పడతాయి. మామూలు లక్కలో మైనం ఉంటుంది కనుక దానిపై పి.యు. గట్టిగా పట్టక పొరలుగా లేచిపోవచ్చు. స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో ఒక మూల రుద్ది చూడండి, పూత జిగటగా కరిగితే అది లక్కే. వీధి తలుపుకైతే పాతపూత పూర్తిగా తీసి పి.యు. వేయండి. లోపలి తలుపులకు మాత్రం లక్కే మళ్లీ పూయమంటాను, ఎందుకంటే కొత్త పొర పాతదాన్ని కాస్త కరిగించుకొని దానిలో కలిసిపోతుంది. వానాకాలపు తేమలో ఆ పని పెట్టుకోవద్దు, పూత తెల్లబారుతుంది.