పంటి కింద నీడ కనిపించిందని భయపడుతున్న మేనకోడలికి

అమ్మీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక నాకూ సరిగా నిద్ర పట్టలేదు. కింది చిన్న దవడ పంటి వేరు దగ్గర ఎక్స్‌రేలో నల్లటి నీడ కనిపించిందన్నావు. ఒక డాక్టర్ వెంటనే రూట్ కెనాల్, అంటే పంటి లోపలి నరం తీసి శుభ్రం చేసి మూసేయడం, చేయాలంటే, ఇంకొకరు ఆరు నెలలు చూద్దామన్నారు. నీకేమో నొప్పే లేదు. నొప్పి లేదు కదా అని మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. నేను దెబ్బ తిన్నది అక్కడే.

నాలుగేళ్ళ కిందట ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు, చల్లనీళ్ళు తాగితే నా దవడ పన్ను అరగంటసేపు లాగేది. రాత్రిళ్ళు ఇంకా ఎక్కువ. ఒక వారానికి నొప్పి దానంతట అదే పోయింది. లవంగం నూనె పనిచేసిందని సంబరపడ్డాను. లోపల నరం చచ్చిపోయిందని అప్పుడు నాకు తెలీదు. మూడు నెలలకు, ఉగాది ముందురోజు, చెంప వాచిపోయి నోట్లో రెండు వేళ్ళు కూడా పట్టలేదు. నాకు షుగర్ ఉంది కాబట్టి ఇంట్లో అందరూ హడలిపోయారు.

అందుకే డాక్టర్‌ని ముందు ఒకటే అడుగు: "ఈ పంటి నరం బతికుందా?" చల్లటి దూది పెట్టి చూస్తారు. పక్క పన్నులాగే ఇదీ జిల్లుమని, తీసేయగానే తగ్గిపోతే నరం చాలావరకు బాగున్నట్టే. చిన్న దవడ పళ్ళ వేళ్ళ దగ్గరే ఎముకలో నరం బయటికొచ్చే రంధ్రం ఒకటి సహజంగానే ఉంటుంది. ఎక్స్‌రేలో అది అచ్చం ఇన్ఫెక్షన్ లాగే కనిపిస్తుంది. ఇంకో కోణంలో తీస్తే ఆ నీడ వేరు నుంచి పక్కకు జరుగుతుంది. ఈ రెండూ చూడకుండా పంటిని తొలవనివ్వకు.

నరం బతికి ఉండి, తట్టినా నొప్పి లేక, చిగురు మీద చీముపొక్కు లేకపోతే, ఆగడం తప్పు కాదు. కానీ ఆరు నెలల తర్వాత ఎక్స్‌రే ఏ తేదీనో ఇప్పుడే క్యాలెండర్ మీద రాసుకో. నరం చచ్చి, నీడ వేరును పట్టుకునే ఉంటే మాత్రం నొప్పి లేకపోయినా రూట్ కెనాల్ చేయించుకో. మెడికల్ షాపులో మాత్రలు కొని నెట్టుకు రావద్దు. చచ్చిన నరంలోకి రక్తం పోదు, మందూ చేరదు. వాపు తగ్గినా మూలం లోపలే ఉంటుంది. చేయించుకున్నాక కూడా నీడ వెంటనే పోదు. ఎముక మెల్లగా పూడుకోవాలి. నాకు ఏడాదికి పైనే పట్టింది.

బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌తో వచ్చిన గోధుమరంగు మచ్చల గురించి కూడా అడిగావు కదా, అవి పిప్పి కాదు. వాటి గురించి దిగులొద్దు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. చెంప వాచి జ్వరమొచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, అర్ధరాత్రి అయినా సరే అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్ళిపో. ఊపిరి ఆడకపోతే 108కి చెయ్యి. వాచిన చెంపకు వేడి కాపడం పెట్టొద్దు.

ఇంకా అనుమానంగా ఉంటే కడపకు రా. ఇక్కడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్దాం. ఆ పంటికి ఫిల్లింగ్ చేసినప్పటి పాత ఎక్స్‌రే మీ అమ్మ బీరువాలో ఉందేమో వెతుకు. నీడ అప్పుడూ అంతే ఉందో, ఇప్పుడు పెరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. దొరికితే ఈ రాత్రికే నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త